ఈ వారం సమస్య: చచ్చినట్టి పిల్ల సాక్ష్యమిచ్చె

పృచ్ఛకుడు:
ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీవి. యతి చ–సా, సరిపోయింది, దాని మీద ఎవరూ గొడవ మొదలెట్టొద్దు. షరతు ఒక్కటే. మొన్న మనలో చాలామంది చూసి రెండు వర్గాలుగా చీలి కొట్టుకున్న ఆస్ట్రేలియా సినిమా ‘మిస్టరీ రోడ్’ (2013) మీదే పూరణ ఉండాలి, బాగుందో లేదో మీ అభిప్రాయం పద్యంలోనే తెలియాలి. చూడనివాళ్ల కోసం: క్వీన్స్‌లాండ్ లోపలి ఎడారి ప్రాంతంలో హైవే తూము కింద ఒక ఆదివాసీ అమ్మాయి శవం దొరుకుతుంది, ఆ ఊరివాడే అయిన ఆదివాసీ డిటెక్టివ్ జే స్వాన్ (ఆరన్ పెడర్సన్) పట్నం నుంచి తిరిగొచ్చి కేసు పట్టుకుంటాడు, అటు తెల్ల పోలీసులూ నమ్మరు, ఇటు సొంతవాళ్లూ నమ్మరు. కథ చెప్పేస్తున్నారని తర్వాత ఏడవొద్దు, ఈ దారంలో అంతా చెప్పేసుకుంటాం.

ఎర్రమట్టి:
మొదటి బోణీ నాది మాస్టారూ.

పెద్ద దారి కింద పిల్ల దేహము జూచి
గాయమెల్ల చదివె ఖాకి వాడు
నోరు లేని నిజము నోట్సులో కెక్కెను
చచ్చినట్టి పిల్ల సాక్ష్యమిచ్చె

పృచ్ఛకుడు:
గణాలు, యతులు శుభ్రం. సమస్యను విడగొట్టిన పద్ధతి కూడా సూటిగా ఉంది, గాయాలే సాక్ష్యం అన్నావు. కానీ రెండు అభ్యంతరాలు. ఒకటి, జే స్వాన్ సినిమా అంతా తెల్ల టోపీ, జీన్స్, బూట్లతో కౌబాయ్‌లా తిరుగుతాడు, నువ్వేమో యతి కోసం అతనికి ఖాకీ తొడిగావు. ఆ వేషమే సగం పాత్ర కదా. రెండు, ఇది ఏ పోలీసు కథకైనా అతుకుతుంది. సినిమా నీకు నచ్చిందా లేదా ఎక్కడా లేదు.

నిద్రమొహం:
అభిప్రాయం కావాలా, ఇదిగో.

నిద్ర వచ్చె నాకు నెమ్మది నడకకు
ఎవరు చంపిరన్న దెరుగనైతి
కునుకు పట్టినంత కోర్టు కల్లో కొచ్చె
చచ్చినట్టి పిల్ల సాక్ష్యమిచ్చె

రెండు గంటల సినిమాలో గంటన్నర అతను కారు దిగి తలుపు తట్టి, వాళ్లు సగం మాట చెప్పి ఆగిపోతే, మళ్లీ కారెక్కి దుమ్ము లేపుకుంటూ పోవడమే. అడవికుక్కల గొడవ ఒకటి మొదలుపెట్టి గాలికొదిలేశాడు. డైరెక్టరే కథ, కెమెరా, ఎడిటింగ్, సంగీతం అన్నీ చేసుకుంటే, ఇక్కడ కొంచెం కోసెయ్యి బాబూ అని చెప్పడానికి పక్కన మనిషెవడుంటాడు?

పృచ్ఛకుడు:
కలలోకి తోసెయ్యడం అవధానాల్లో అరిగిపోయిన దారే, ఏ సమస్య ఇచ్చినా పని చేస్తుంది కాబట్టి మామూలుగా నేను మార్కులు వెయ్యను. ఇక్కడ మాత్రం వేస్తున్నా, ఎందుకంటే నిద్ర రావడమే నీ విమర్శ, ఆ నిద్రలోంచే పూరణ పుట్టింది. ‘కల్లో కొచ్చె’ వ్యావహారికం అని ఎవరైనా అంటారేమో, హాస్యంలో నాకు అడ్డం కాదు.

ఎర్రమట్టి:
పద్యం బాగుంది, విమర్శ ఒప్పుకోను. ఆ సగం మాటలే సినిమా అన్నా. ఎవరింటి ముందు నిలబడినా అతను గేటు దగ్గరే ఆగిపోతాడు, లోపలికి రమ్మనేవాడు లేడు. దాన్ని కోసేస్తే మిగిలేది మామూలు హంతకుడి వేట.

బ్రిస్బేన్ అక్క:
ఇక్కడివాళ్లు ఈ సినిమా గురించి మాట్లాడేటప్పుడు ముందు హంతకుడి ఊసెత్తరు, ఊళ్లో పేర్ల ఊసెత్తుతారు. సినిమాలో వాగు పేరు మాసకర్ క్రీక్, అంటే ఊచకోత వాగు, చివరి కాల్పులు జరిగే గుట్ట పేరు స్లాటర్ హిల్, అదీ నరమేధం మాటే. కల్పితమైన ఊరే, కానీ పేర్లు గాల్లోంచి తెచ్చినవి కావు, ఒకప్పుడు తెల్లవాళ్లు ఆదివాసీలను చంపిన చోట్లకు ఇలాంటి పేర్లే మిగిలాయి. మాకు ఉత్తరాన నూసా దగ్గర మర్డరింగ్ క్రీక్ రోడ్డనే పేరుతో నిజంగానే రోడ్డుంది, జనం రోజూ దాని మీద తిరుగుతుంటారు.

ఊచకోత పేర నున్న దచట వాగు
వాగు పక్క నొకతె వాడిపోయె
తాతనాటి వారి తరఫున నిలబడి
చచ్చినట్టి పిల్ల సాక్ష్యమిచ్చె

పృచ్ఛకుడు:
అక్కా, మూడో పాదం దగ్గర ఆగిపోయాను. ‘తరఫున’ అనే కోర్టు మాటను తాతల దగ్గర పెట్టేసరికి ఒక పిల్ల కేసు కాస్తా నూటేభై, రెండొందల ఏళ్ల కేసు అయిపోయింది. మొదటి పాదం చివర ‘వాగు’ అని, వెంటనే రెండో పాదం ‘వాగు పక్క’ అని ఎత్తుకోవడం కావాలని చేశారనుకుంటున్నా, చదువుతుంటే కెమెరా పైనుంచి కిందికి దిగినట్టుంది. ‘వాడిపోయె’ ఒక్కటే నాకు మెత్తగా తోచింది. ఆ పిల్లను చంపారు, వాడిపోలేదు.

బ్రిస్బేన్ అక్క:
సమస్యలోనే ‘చచ్చినట్టి’ అని మీరే మొరటుగా పెట్టారు కదా మాస్టారూ, దాని ముందు కొంచెం మెత్తన ఉండాలనే. మార్చను.

ఇంకో మాట. నిద్రమొహం తమ్ముడు ఎవరు చంపారో తెలియలేదన్నాడు. న్యూ సౌత్ వేల్స్‌లో బౌరావిల్ అనే చిన్న ఊళ్లో 1990–91లో ఐదు నెలల్లో ముగ్గురు ఆదివాసీ పిల్లలు పోయారు, ఈ రోజుకీ ఒక్కరికీ శిక్ష పడలేదు. హత్యకు గురైన, కనిపించకుండా పోయిన ఆదివాసీ స్త్రీల మీద, పిల్లల మీద సెనేట్ విచారణ నివేదిక వచ్చింది 2024 ఆగస్టులో. ఇవి తెలిసినవాళ్లకు ఆ సినిమాలో పోలీస్ స్టేషన్ బద్ధకం చూస్తే విసుగు రాదు, ఒళ్లు మండుతుంది.

నిద్రమొహం:
విషయం గొప్పదే అక్కా, కాదన్నానా? విషయం గొప్పదైతే సినిమా సాగదీతను మనం భరించాలనే లెక్క మాత్రం నాకు ఎక్కదు. మన దగ్గరా అంతే, మంచి విషయం తీసుకున్నాడు కదా అని పొగిడి, రెండోసారి ఎవరూ చూడరు.

కొత్తకలం:
నాకు సినిమా నచ్చింది, ముఖ్యంగా చివరి ఇరవై నిమిషాలు, కానీ హ్యూగో వీవింగ్ వేసిన జానో అనే పోలీసు పాత్ర దొంగా దొరా తేలక టెన్షన్ పెట్టేసింది. పద్యాలు ఈమధ్యే మొదలెట్టాను.

ఆఖరైన పోరు అదిరిపోయెను గాని
జానొ మంచివాడొ చెడ్డవాడొ
చిక్కుముళ్లు విప్ప సీక్వెలు రావలె
చచ్చినట్టి పిల్ల సాక్ష్యమిచ్చె

పృచ్ఛకుడు:
బాబూ, ధార ఉంది, అందుకే కొంచెం గట్టిగా పట్టుకుంటాను. ‘పోరు అదిరి’ అని విడిగా ఉంచకూడదు, సంధి జరగాలి. ‘పోరె యదిరి’ అను, గణం చెడదు, పైగా ఆ పోరు ఒక్కటే అదిరింది అనే నీ మాట కూడా దిగుతుంది. రెండో పాదంలో జా–చె యతి చెల్లదు. హల్లులు మైత్రే, అచ్చు కుదరలేదు, ‘ఆ’ అచ్చు పక్కన ‘ఎ’ అచ్చు ఎలా నిలబడుతుంది? మూడో పాదం యతి బాగుంది, చి–సీ. అసలు జబ్బు అక్కడే ఉంది మరి. సీక్వెల్ రావాలి అన్నాక పిల్ల సాక్ష్యం ఎందుకిచ్చింది, ఎక్కడిచ్చింది? అన్వయం లేదు. మూడు పాదాలు సినిమా గురించి, నాలుగోది నా సమస్య గురించి, రెండూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

ఎర్రమట్టి:
సీక్వెల్ వచ్చేసింది తమ్ముడూ, ‘గోల్డ్‌స్టోన్’, 2016. అదే జే స్వాన్. 2018 నుంచి ఆస్ట్రేలియా ఏబీసీ టీవీలో సిరీస్ కూడా. అందులోనూ జానో సంగతి వెతక్కు.

కొత్తకలం:
సరే మాస్టారూ, మళ్లీ కట్టాను. చూడండి.

ఆఖరైన పోరె యదిరిపోయెను గాని
చెడ్డవాడొ జానొ చెప్పలేదు
బతికి యున్నవారు పలుకక నిలువగా
చచ్చినట్టి పిల్ల సాక్ష్యమిచ్చె

పృచ్ఛకుడు:
ఇదీ! జానో నోరు విప్పడు, ఊళ్లో ఎవడూ నోరు విప్పడు, అందుకని మాట్లాడాల్సిన పని ఆ పిల్ల మీద పడింది. ఇప్పుడు నాలుగో పాదం లేకపోతే పై మూడూ నిలబడవు. ఆ కాల్పుల గురించి ఒక్క మాట: ఎదురెదురుగా నిలబడి పేల్చుకోవడం కాదు, మనిషి చుక్కలా కనపడేంత దూరం నుంచి స్కోపులో గురి చూసి కొట్టడం, ఎవడు ఎవణ్ణి కాపాడుతున్నాడో కూడా తెలియకుండా. నిద్రమొహం ఆ టైముకి లేచే ఉన్నాడా?

నిద్రమొహం:
లేచాను, అది బాగుంది, అది ఒప్పుకుంటే చాలు కదా మీకు. ఇక బడ్జెట్ లేదు పాపం అనేవాళ్ల కోసం ఒకటి, పొగడ్తే రాశాను, ఏడవకండి.

కెమెర కథయు కూర్పు గీతమొక్కడె చేసె
ఖర్చు తక్కువైన ఘనత దక్కె
మాట లేని చోట మట్టియె పలుకగా
చచ్చినట్టి పిల్ల సాక్ష్యమిచ్చె

బ్రిస్బేన్ అక్క:
ఘనత దక్కిన మాట నిజమే, 2013 సిడ్నీ ఫిల్మ్ ఫెస్టివల్‌లో మొదటి రోజు వేసింది ఈ సినిమానే. డైరెక్టర్ ఐవన్ సెన్ తల్లి వైపు గమిలరాయ్ ఆదివాసీ, కాబట్టి ఆ మట్టి అతనికి లొకేషన్ కాదు. షూటింగు ఎక్కువగా వింటన్‌లో, బ్రిస్బేన్ నుంచి రోడ్డు మీద 1,300 కిలోమీటర్లకు పైనే. ఆ దారిలో యాభై మూడున్నర మీటర్ల రోడ్ ట్రెయిన్, అంటే వరసగా ట్రెయిలర్లు తగిలించిన లారీ, ఒకటి ఎదురొస్తే మన కారు ఊగిపోతుంది, అద్దం మీద ఎర్రదుమ్ము తప్ప కాసేపు ఏమీ కనపడదు. అలాంటి లారీలు రాత్రంతా నడిచే దారి పక్కన ఒక పిల్ల పోతే ఎవరికి తెలుస్తుంది చెప్పండి.

పృచ్ఛకుడు:
పద్యం నిర్దోషం. ‘గీతము’ అన్నావు, అందులో ఉన్నది పాటలు కాదు, నేపథ్య సంగీతం, అదీ చాలా పొదుపుగా. రెండో పాదం పత్రికల్లో శీర్షికలా ఉంది, పద్యంలా లేదు. మూడో పాదం అక్క దారిలోనే నడిచింది, కొంచెం వెనకగా.

ఈ వారం నా ఓటు అక్క పద్యానికి, ఆ వెంటనే కొత్తకలం రెండో ప్రయత్నానికి. వచ్చే వారం ‘గోల్డ్‌స్టోన్’ చూసి రండి, సమస్య కందంలో ఇస్తాను, ప్రాస చూసుకోండి.

ఎర్రమట్టి:
ఖాకీ తీసేసి మళ్లీ పంపితే లెక్కలోకి తీసుకుంటారా మాస్టారూ?

పృచ్ఛకుడు:
టోపీ పెట్టి పంపు, చూద్దాం.