‘లిటర్జీ తర్వాతి లిటర్జీ’ని తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: రొమేనియా ఆర్థడాక్స్ వేదాంతి ఇయోన్ బ్రియా ప్రచారంలోకి తెచ్చిన మాట ఇది. లిటర్జీ అంటే సంఘం కలిసి చేసే ఆరాధన. ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, పాత్ర పంచుకునే చోట, ముగిసిన లిటర్జీ బయట, సమాజంలో సాగాలని భావం. ‘ఆరాధన తర్వాతి ఆరాధన’ అంటే అదే రోజు జరిగే రెండో ఆరాధన అనుకుంటారు. లిటర్జీకి ‘ప్రజల పని’ అని అర్థం చెబుతారు కదా, ‘ప్రజాకార్యం’ అనవచ్చా?

జవాబు: ‘ప్రజల పని’ దగ్గరే చిక్కంతా ఉందండీ. లిటర్జీకి మూలమైన గ్రీకు ‘లెయితుర్గియా’లో మొదటి భాగానికి ‘ప్రజలకు సంబంధించిన’ అని అర్థం, రెండోది ‘ఎర్గోన్’, పని. దీన్ని ‘ప్రజలంతా కలిసి చేసే పని’ అని విప్పడం ఇప్పుడు బాగా వ్యాపించింది. ప్రయోగాలు చూస్తే అది అందరి కోసం ఒకరు చేసే పని. క్రీ.పూ. 5, 4 శతాబ్దాల ఏథెన్స్‌లో ధనికుల వంతుకు వచ్చే బాధ్యతను అలా పిలిచేవారు. ఒకరికి యుద్ధనౌక వంతు వచ్చేది: 170 మంది తెడ్లు వేసే ఓడను ఏడాదిపాటు బాగోగులు చూసి నడపాలి. ఇంకొకరికి ఉత్సవంలో పాడే బృందం వంతు. దితిరాంబ్ అనే బృందగానానికైతే 50 మందికి శిక్షణ, దుస్తులు సమకూర్చాలి. తనకన్నా కలవాడు తప్పించుకున్నాడనిపిస్తే, ‘నువ్వు చెయ్యి, లేదా నీ ఆస్తి నాకిచ్చి నాది తీసుకో’ అని సవాలు చేసే హక్కు కూడా ఉండేది! ‘ప్రజాకార్యం’లో ఈ సొంత ఖర్చు వినబడదు.

మరో జవాబు: పై మాటకు బైబిల్ ప్రయోగాలు కలుపుతాను. పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఇది యాజకుల సేవకు పేరైంది. లూకా 1:23లో జెకర్యా ఆలయంలో చేసిన సేవా ఇదే. అయినా పౌర అర్థం చచ్చిపోలేదు. రోమా 13:6లో పన్ను పుచ్చుకునే అధికారులను పౌలు ‘లెయితుర్గోయ్’, అంటే లెయితుర్గియా చేసేవారు, అన్నాడు.

అసలు చూడాల్సింది 2 కొరింథీ 9:12. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగుచేస్తున్న చందా సంగతి అది. తెలుగులో ‘ఈ సేవనుగూర్చిన పరిచర్య’ అని ఉంది. ‘సేవ’ లెయితుర్గియా, ‘పరిచర్య’ దియకొనియా. అదే వాక్యంలోని ‘కృతజ్ఞతాస్తుతులు’ గ్రీకులో యూఖరిస్తియా అన్న మాటకు బహువచనం. చందా, లిటర్జీ, యూకరిస్ట్ (ప్రభువు బల్ల సంస్కారానికి ఇప్పటి పేరు) ఒక్క వాక్యంలో! కానీ ఇక్కడ రొట్టె, పాత్రల సంస్కారాన్ని చదవకండి. ఆ మాట సంస్కారానికి పేరుగా స్థిరపడింది తర్వాతే. సుమారు క్రీ.శ. 150 ప్రాంతంలో క్రైస్తవ రచయిత జస్టిన్ రాసిన వర్ణనలో రెండూ నిజంగానే కలిశాయి: ఆదివారం రొట్టె, పాత్ర పంచుకున్నాక, కలిగినవారు ఇష్టపూర్వకంగా ఇచ్చింది పెద్ద దగ్గర ఉంచుతారు, దాంతో ఆయన అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెరసాలలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకుంటాడు.

ప్రశ్న అడిగినవారు: అలాగైతే ‘కైంకర్యం’? భక్తి ఉంది, ఖర్చూ ఉంది.

జవాబు: ఉన్నాయి, కానీ కైంకర్యం దేవుని వైపే చూస్తుందండీ, పేదవాడి వైపు తిరగదు. తొలి శతాబ్దాల సంఘంలో పేరున్న ప్రసంగీకుడు జాన్ క్రిసోస్తమ్ సరిగ్గా ఈ 2 కొరింథీ 9 మీద చెప్పిన ప్రసంగంలో, పేదల దేహమే బలిపీఠమని, అది సందుల్లో, అంగడి వీధుల్లో కనిపిస్తుందని అన్నాడు. బ్రియా మాటకు వెనుక ఉన్న ఊహ అదే.

నా సలహా: ‘లిటర్జీ’ని రెండు చోట్లా మార్చకండి. మొదటిదాన్ని ‘ఆరాధన’ అని, రెండోదాన్ని ‘సేవ’ అని తెలిగిస్తే వాక్యం సాఫీగానే ఉంటుంది, కానీ రెండూ వేర్వేరు పనులైపోతాయి. రెండూ ఒకటేనన్నది కదా ఆయన వాదన. మార్చాల్సింది ‘తర్వాతి’ని. అది వరుసలో వచ్చే ఇంకొకదాన్ని చూపుతుంది. ‘లిటర్జీ ముగిశాక సాగే లిటర్జీ’ అనండి. ‘సాగే’లో తెగని కొనసాగింపు ఉంది. మొదటిసారి వాడిన చోట ‘సొంత ఖర్చుతో అందరి కోసం చేసే పని’ అని వివరణ ఇస్తే చాలు. ఆ వివరణలోంచి ‘సొంత ఖర్చుతో’ మాత్రం తీసేయకండి.