రావి నారాయణరెడ్డి మాట విని 1948లోనే తుపాకులు దించాల్సిందా?

మలక్‌పేట వాసి:
సెప్టెంబరు 17 వచ్చిందంటే మన నగరంలో పరేడ్ గ్రౌండ్స్‌లో ఒక సభ, పబ్లిక్ గార్డెన్స్‌లో ఇంకో సభ. విమోచనమా, విలీనమా అని టీవీల్లో పొద్దంతా కొట్లాట. నాకైతే అసలు ప్రశ్న 1948లో ఆ మర్నాడు మొదలైందనిపిస్తుంది. నిజాం లొంగిపోయాడు, రజాకార్లు చెల్లాచెదురయ్యారు. మరి నిజాం మీద, దొరల మీద ఊళ్ళలో తుపాకీ పట్టిన కమ్యూనిస్టు దళాలు ఏం చేయాలి? పోరు ఆపొద్దని కమ్యూనిస్టు పార్టీ తేల్చింది. ఆపాలన్నవాళ్ళలో ముందు నిలబడ్డది ఆ పార్టీ నాయకుడే అయిన రావి నారాయణరెడ్డి. ఆయనదే సరైన మాట అని నేను గట్టిగా నమ్ముతాను.

దాన్ని భయమనో, లొంగుబాటనో అనేవాళ్ళు ఆయన వచ్చిన దారి చూడాలి. బొల్లేపల్లి భూస్వామి ఇంట్లో పుట్టి, హరిజన సేవక సంఘంలో పనిచేసి, 1938 సత్యాగ్రహంలో జైలుకెళ్ళి వచ్చిన మనిషి. 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సంస్థ ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు. చదువుకున్నవాళ్ళు అర్జీలు పెట్టుకునే సభ ఆయన కాలంలోనే వెట్టివాళ్ళ 'సంగం' అయింది. కూలి, కౌలుదారు, చిన్న పట్టాదారు, టౌన్లో చిన్న ఉద్యోగి అందరూ ఒక్కటైతేనే నిజాం గద్దె కదులుతుందన్నది ఆయన రాజకీయం. నిజాం ఎదురుగా ఉన్నన్నాళ్ళూ ఆ ఐక్యత నిలబడింది. భారత యూనియన్ సైన్యం వచ్చి రజాకార్ల పీడ వదిలించాక, అదే సైన్యం మీద తుపాకీ ఎత్తమంటే ఎంతమంది వెంట వస్తారు? దళాలు ఊరు వదిలి నల్లమలకు, గోదావరి అడవులకు పోవాల్సి వచ్చింది. చివరికి 1951 అక్టోబరులో పార్టీయే పోరాటం విరమించింది. నాలుగు నెలలు తిరక్కుండానే ఎన్నికలు. పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి పి.డి.ఎఫ్. (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడి, నల్లగొండలో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడాయన. జనం ఏ దారి కోరుకున్నారో ఆ ఓట్లే చెప్పాయి.

జనగామ బిడ్డ, ఉప్పల్:
అన్నా, ఆ ఓట్లు ఎవరి కష్టం? 1951 దాకా ఊళ్ళకు కాపలా ఉన్న దళాలది కాదా? నారాయణరెడ్డి గారంటే నాకూ గౌరవమే. కానీ మీరు భూమి సంగతే ఎత్తలేదు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారి లెక్కలో సుమారు 3 వేల ఊళ్ళు, 10 లక్షల ఎకరాల పంపకం, 4 వేల మంది ప్రాణాలు. గడీలు వదిలి పట్నానికి పారిపోయిన దొరలు మిలిటరీ వెనకాలే ఖద్దరు టోపీలు పెట్టుకుని తిరిగొచ్చారు. తుపాకీ దించుతాం, భూమి మాత్రం మాకుంచు అంటే ఏ దొర వింటాడు?

ఇంకొకటి. 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబా భావేకు 100 ఎకరాలు భూదానంగా ఇచ్చారు. ఇవన్నీ మీరు వద్దంటున్న ఆ మూడేళ్ళలోనే జరిగాయి. నల్లగొండ అంతా చల్లబడి ఉంటే వినోబా అటు నడిచి వచ్చేవారా?

కోఠి పాఠకురాలు:
మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు కదా. ఆమె కథ చూడండి. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట కోసుకుపోవడానికి వస్తే సంగం వాలంటీర్లు కర్రలతో అడ్డుపడ్డారు, కోర్టులోనూ ఆమే గెలిచింది. తుపాకుల కాలం ఇంకా రాలేదప్పటికి. ఊరు ఒక్కటైతే చాలన్న నారాయణరెడ్డి గారి నమ్మకం గాల్లోంచి పుట్టింది కాదు.

ఇబ్రహీంపట్నం రైతు:
చట్టం వచ్చింది అంటున్నారు కాబట్టి రాస్తున్నా. మా తాత పేరు పాత పహాణీలో (ఊరి భూమి రికార్డులో) రక్షిత కౌలుదారుగా, అంటే ఆ చట్టం రక్షణ ఉన్న కౌలుదారుగా ఉంది. మా నాయన ఆ జిరాక్సు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆఫీసుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాడు. అలాంటి కౌలుదారుకు భూమి మీద యాజమాన్య హక్కిచ్చే 38ఇ సర్టిఫికెట్ చేతికి రాలేదు, ఇప్పుడా భూమిలో వెంచర్ లేచింది. ఊళ్ళో అడిగేవాళ్ళు లేకపోతే కాగితం మీది హక్కు ఇలాగే ఉంటుంది. సంగం బతికి ఉండాలి. తుపాకీతోనా, తుపాకీ లేకుండానా అన్నది నేను చెప్పలేను.

మలక్‌పేట వాసి:
రైతన్నా, మీ మాటే నా వాదన. అడవిలో ఉన్న దళం పహాణీ చూసి అడగలేదు, ఊళ్ళో ఉన్న సంగం అడగగలదు. జనగామ తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. 1948 సెప్టెంబరులో ఊళ్ళు మన చేతిలో ఉన్నాయి. అప్పుడే తుపాకులు దించుతామని, పంచిన భూమి జోలికి రావొద్దని షరతు పెట్టి కూర్చుంటే ఎంతో కొంత దక్కేది. 1951కి వచ్చేసరికి బేరమాడే బలమే మిగల్లేదు. ఆ నడుమ చనిపోయినవాళ్ళను తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

జనగామ బిడ్డ, ఉప్పల్:
ఆ బాధ నాకూ ఉందన్నా. కానీ 1948లో ఎదురుగా కూర్చునేదెవరు? మేజర్ జనరల్ చౌదరి సైనిక ప్రభుత్వం. మీరు చెప్పే ఓటు పేదవాడి చేతికి వచ్చింది 1952లో. ఆ ఓటు వచ్చేదాకా కౌలుదారు ఏ బలంతో తన చెక్కలో అరక కట్టాలి? దీనికి నారాయణరెడ్డి గారి ఆలోచనలో జవాబుంటే రాయండి, చదువుతాను.