సెల్‌ఫోన్ మన జిల్లాల్లో అందరి చేతికీ ఎప్పుడొచ్చింది? 2003లోనా, 2016లోనా?

కడప కుర్రోడు

ఎం.కాం. సెమినార్ కోసం మన దేశంలో టెలికాం ఎలా పెరిగిందనే దాని మీద పేపర్ రాస్తున్నా. దేశం మొత్తం అంకెలు దొరుకుతున్నాయి. కడప లాంటి ఊళ్లో మామూలు మనుషుల చేతికి ఫోను ఎప్పుడొచ్చింది, ఎందుకొచ్చింది అన్నదే దొరకట్లేదు. మా నాన్న 2003 అంటాడు, చవక ఫోన్లు ఆ ఏడాదే వచ్చాయంటాడు. మామ మాత్రం 2016కి ముందు జరిగింది లెక్కలోకే రాదంటాడు. ఆ రోజుల్లో ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కేసీ కెనాల్ (కర్నూలు)

నా ఓటు మీ మామకే. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది, మరుసటి మార్చి ఆఖరు దాకా అంతా ఫ్రీ. అంతకుముందు ఒక జీబీ వేయించుకుని నెలంతా భయపడుతూ వాడేవాళ్లం. రాసేదేముంది ఇంకా?

పాత ఎస్టీడీ బూత్ (కడప)

డేటా సంగతి వేరు, ఫోను సంగతి వేరు. ఏడురోడ్ల దగ్గర ఒక సందులో నాకు ఎస్టీడీ బూత్ ఉండేది. ఇప్పుడు అదే షాపులో జిరాక్స్, రీచార్జ్. నేను చూసింది చెప్తా అబ్బీ, పేపర్‌లో పనికొస్తే రాసుకో.

మా బూత్ బతికిందే కువైట్ మీద. రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు ఎన్నో ఇళ్ల నుంచి అక్కడికి డ్రైవర్లుగానో, ఇంటి పనికో పోయారు. ఇక్కడి నుంచి ఐఎస్‌డీ చేస్తే మీటరు తిరిగే స్పీడుకే సగం మాటలు మర్చిపోయేవాళ్లు. అందుకని మా బూత్ నంబరే ఉత్తరంలో రాసి పంపేవాళ్లు. ముందు 91, తర్వాత సున్నా తీసేసి 8562, ఆ తర్వాత నంబరు. సున్నా తీయాలని రాయకపోతే ఆ వారం ఫోను రానట్టే. శుక్రవారం అక్కడ సెలవు కదా, ఆ రోజు మా బెంచీ మీద చోటు దొరికేది కాదు. ఒకామె మాట్లాడుతుంటే ఇంకొకామె మొగుడికి లైను తగలదు. "చాల్లే దిగమ్మా" అని పోట్లాటలు. వచ్చిన ఫోనుకి నేను తీసుకునేది రెండు రూపాయలు, పొద్దున వచ్చి సాయంత్రం దాకా కూర్చున్నా అంతే.

మన దేశంలో సెల్లు 1995లోనే మొదలైంది. ఆ జూలై 31న కలకత్తా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడాడు. తర్వాత మన ఊరికీ వచ్చింది. కాంట్రాక్టర్లు కొన్నారు, డాక్టర్లు కొన్నారు, బెంచీ మీద కూర్చునేవాళ్లు కొనలేదు. ఎందుకంటే అప్పట్లో ఫోను చేసినా డబ్బే, వచ్చినా డబ్బే. అక్కడ మొగుడు కట్టి మాట్లాడుతుంటే ఇక్కడ పెళ్లాం కూడా నిమిషానికింత అని కట్టాలి. దానికంటే నా రెండు రూపాయలే నయం కదా!

2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఫ్రీ. మీ నాన్న చెప్పిన ఏడాది కరెక్టే గానీ కారణం అది కాదు. 501 రూపాయలు కడితే ఫోను చేతికిచ్చే రిలయన్స్ స్కీము జూలైలో వచ్చింది, జనం ఎగబడ్డారు కూడా. కానీ నా శుక్రవారం బెంచీని ఖాళీ చేసింది ఇన్‌కమింగే. ఒక పాత నోకియా, 9440తో మొదలయ్యే ఒక బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ము. వ్యాలిడిటీ ఉంటే చాలు, బ్యాలెన్స్ సున్నా అయినా కువైట్ ఫోను వస్తుంది. అవసరం పడితే మిస్డ్ కాల్ కొడతారు, అక్కడి నుంచి తిరిగి చేస్తారు. మాట్లాడడానికి రీచార్జ్ చేసినవాళ్లు తక్కువ, సిమ్ము పోకుండా చేసినవాళ్లే ఎక్కువ. తర్వాత 999 రూపాయల లైఫ్‌టైమ్ ప్లాన్లు వచ్చాక ఆ టెన్షన్ కూడా తగ్గింది.

బూత్ మూతపడింది మాత్రం వేరే కారణంతో. 2006 మార్చి 1 నుంచి దేశంలో ఎక్కడికైనా నిమిషం రూపాయే అని బీఎస్‌ఎన్‌ఎల్ ప్లాను తెచ్చింది. మాకొచ్చే కమీషన్ బిల్లులో వంతు, బిల్లు తగ్గితే అదీ తగ్గినట్టే. హైదరాబాద్‌లో చదివే కొడుక్కి ఫోను చేసి నోటిచ్చి చిల్లర తీసుకునే నాయన్లు, ఆ తర్వాత చిల్లరే ఇచ్చి పోయేవాళ్లు.

కేసీ కెనాల్ అన్నా, 2016 తర్వాత కువైట్‌లో ఉన్నవాళ్ల మొహాలు కనబడ్డాయి, కాదనను. కానీ గొంతు వినబడి అప్పటికే పదమూడేళ్లు.

గుంతకల్ జంక్షన్ (అనంతపురం)

టెలికాంలో పనిచేసి రిటైరయ్యా. బూత్ అన్న చెప్పినదాని వెనక రూలు కూడా రాయి తమ్ముడూ. ఇన్‌కమింగ్ ఎవరో దయతలచి ఫ్రీ చేయలేదు. ఫోను చేసినవాడి కంపెనీ, అందుకున్నవాడి కంపెనీకి నిమిషానికి ఇంత కట్టాలని ట్రాయ్, అంటే టెలికాం కంపెనీలకు రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ, లెక్క పెట్టింది. అది 2009లో 20 పైసలు, 2015లో 14, 2017 అక్టోబరులో 6. 2021 జనవరి 1 నుంచి సున్నా. కొత్త కంపెనీకి బయటికి పోయే కాల్స్ ఎక్కువ, కాబట్టి అది కట్టేదీ ఎక్కువే. ఆ పైసల మీద అంత గొడవ ఎందుకు జరిగిందో దీన్నిబట్టి నీకే తెలుస్తుంది.

దానికి ముందు 1999 ఉంది. 1994 టెలికాం పాలసీ తర్వాత కంపెనీలు లైసెన్సుల వేలంలో పోటీపడి పెద్ద పాటలు పాడి, ఆ లైసెన్సు ఫీజులు కట్టలేక చేతులెత్తేశాయి. 1999 పాలసీలో కచ్చితమైన ఫీజు తీసేసి ఆదాయంలో వాటా ఇస్తే చాలన్నారు. అది జరక్కపోతే మన పక్క టవర్లు ఎవరు వేసేవాళ్లు? మన ఆంధ్ర సర్కిల్లో మొదట వచ్చిన రెండు పేర్లూ ఇప్పుడు లేవు. జేటీ మొబైల్స్ ఎయిర్‌టెల్‌లో కలిసింది, టాటా సెల్యులార్ ఐడియా అయింది. పాత 9849, 9848 నంబర్లు వాళ్లవే. ఇంకో తమాషా, ఆ 1999 పాలసీ 2010కల్లా నూరు మందికి 15 ఫోన్లు, పల్లెల్లో 4 ఉంటే గొప్ప అనుకుంది. 2010 వచ్చేసరికి దేశంలో నూటికి యాభై దాటాయి.

సెల్లు రాకముందు పల్లెకి ఫోను తెచ్చింది సీ-డాట్ అనే ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ వాళ్ల 128 లైన్ల ఎక్స్‌ఛేంజీ. ఏసీ గది అక్కర్లేదు, మా అనంతపురం ఎండలో కూడా నడిచేది. దాని గురించి ఎవరూ రాయరు. నువ్వైనా ఒక పేరా రాయి.

కడప కుర్రోడు

రాస్తా సార్, సీ-డాట్‌కి పేరా ఖాయం. బూత్ అన్నా, ఇంకొక్క డౌటు. మా జేజిది కీప్యాడ్ ఫోను, ఆమె ఎవరికీ చేయదు, వచ్చినవి ఎత్తుతుంది అంతే. అయినా రీచార్జ్ అయిపోతే ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతోంది. ఫ్రీ అన్న రూలు తీసేశారా?

పాత ఎస్టీడీ బూత్ (కడప)

తీసేయలేదు. వచ్చిన కాల్‌కి నిమిషానికింత అని ఇప్పటికీ లేదు, సిమ్ము బతికుండాలంటే మాత్రం ప్లాను ఉండాలంటున్నారు. 2018 ఆఖరు నుంచి మొదలైంది ఈ వరస. 2019, 2021, 2024లో రేట్లు కూడా పెంచారు. జేజి వాడని డేటాకి మీరు డబ్బు కడుతున్నారేమో చూసుకో. డేటా లేకుండా మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్లాన్లు పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పింది, 365 రోజుల దాకా వ్యాలిడిటీ పెట్టుకోవచ్చంది. షాపులో "మాటలకు మాత్రమే" అని గట్టిగా అడుగు. అడగకపోతే మాలాంటివాళ్లం పెద్ద ప్లానే చూపిస్తాం, కమీషన్ దానికే ఎక్కువ మరి.