జర్మనీలో నవంబర్ 9నే ఇన్ని ఎలా జరిగాయి? కలిసొచ్చిందా, కావాలని పెట్టుకున్నారా?

చదువులపురుగు (ప్రశ్న):
జర్మనీ చరిత్ర చదువుతుంటే ఒక డౌట్ పట్టుకుంది, వదలట్లేదు. 1848లో రాబర్ట్ బ్లుమ్ అనే ప్రజాస్వామ్య నాయకుణ్ణి వియన్నాలో కాల్చి చంపింది నవంబర్ 9. 1918లో కైజర్ దిగిపోయి రిపబ్లిక్ వచ్చింది నవంబర్ 9. 1923లో మ్యూనిక్‌లో హిట్లర్ కుట్ర బెడిసికొట్టింది నవంబర్ 9. 1938లో యూదుల షాపులు, ప్రార్థనా మందిరాలు తగలబెట్టిన రాత్రి కూడా నవంబర్ 9. చివరికి 1989లో బెర్లిన్ గోడ తెరుచుకుంది కూడా అదే రోజు. ఒకటి రెండంటే సరే, ఐదా! మా ఫ్రెండ్ ఒకడు గ్రహాలు, నంబర్లు అని మొదలెట్టాడు, నాకు అవి ఎక్కవు కానీ వాడికి గట్టిగా ఏం చెప్పాలో తెలీలేదు. ఎవరన్నా కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

లెక్కలపిచ్చి:
క్యాలెండర్‌లో ఉన్నవే 366 గళ్ళు బ్రో, వందల ఏళ్ళ చరిత్ర అంతా వాటిలోనే సర్దాలి. ఏ తేదీ తీసుకున్నా పదో పాతికో పెద్ద సంఘటనలు దొరుకుతాయి. ఇదే నవంబర్ 9న 1799లో నెపోలియన్ ఫ్రాన్స్‌లో అధికారం లాక్కున్నాడు, 1922లో ఐన్‌స్టీన్‌కి నోబెల్ ఇస్తున్నట్టు ప్రకటించారు, 1965లో అమెరికా ఈశాన్యంలో, కెనడాలో కొంత భాగంలో దాదాపు 3 కోట్ల మందికి కరెంట్ పోయింది. వీటిని నీ లిస్ట్‌లో వెయ్యలేదు చూడు, ఎందుకంటే కథకి అతకవు. కథకి అతికేవి మాత్రమే ఏరుకుంటే ఏ తేదీ అయినా మాయగానే కనిపిస్తుంది.

పాతపేపర్లు:
లెక్కలపిచ్చి గారు చెప్పింది సగం వరకే ఒప్పుకుంటాను. ఈ ఐదూ ఒకే రకం కావండి, కొన్ని ఊరికే కలిసొచ్చినవి, కొన్ని ఒకదాన్ని పట్టుకుని ఇంకోటి వచ్చినవి.

1848ది పక్కన పెట్టేయండి, బ్లుమ్‌కి మిగతావాటికీ లింకు లేదు. ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ పార్లమెంట్ సభ్యుడు, అరెస్ట్ చెయ్యకూడదనే రక్షణ ఉన్నా ఆస్ట్రియా సైన్యం పట్టించుకోలేదు, అంతే.

1918 అసలు మొదలు. నౌకాదళం వాళ్ళు కీల్ అనే రేవు ఊళ్ళో ఎదురుతిరిగి అప్పటికి వారం కావస్తోంది, ఊరూరా అదే గొడవ. 9వ తేదీ పొద్దున బెర్లిన్‌లో కార్మికులు పని ఆపేసి రోడ్డెక్కారు. కైజర్ ఏమో బెల్జియంలో స్పా అనే ఊళ్ళో కూర్చుని, జర్మనీ చక్రవర్తి పదవి వదిలేసినా అందులో భాగమైన ప్రష్యాకి రాజుగా ఉండొచ్చేమో అని ఇంకా బేరాలాడుతున్నాడు. చాన్సలర్ మాక్స్ ఫాన్ బాడెన్ ఇక ఆగలేక ఆయన ఒప్పుకోకముందే దిగిపోయాడని ప్రకటించేశాడు. మధ్యాహ్నం సోషల్ డెమోక్రాట్ నాయకుడు షైడెమాన్ పార్లమెంట్ భవనంలో సూప్ తాగుతుంటే బయట జనం కేకలు, అతివాద సోషలిస్టు నాయకుడు లిబ్‌క్నెష్ట్ వాళ్ళు ముందే ప్రకటించేస్తారేమో అని భయపడి లేచెళ్ళి కిటికీ దగ్గర నిలబడి రిపబ్లిక్ అనేశాడు (సూప్ సంగతి ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు). షైడెమాన్ పార్టీలోనే పెద్ద నాయకుడు ఎబర్ట్‌కి ఒళ్ళు మండింది, నువ్వెవడివి ప్రకటించడానికి అని. ఆ తర్వాత ఇంకో రెండు గంటలకి లిబ్‌క్నెష్ట్ రాజభవనం దగ్గర ఇంకో రిపబ్లిక్, సోషలిస్టుది, ప్రకటించాడు. అంటే ఒకే మధ్యాహ్నం ఒకే ఊళ్ళో రెండు రిపబ్లిక్‌లు.

రెండ్రోజులకి మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది. ఓడిపోయామన్న కసి ఉన్నవాళ్ళందరికీ ఆ నవంబర్ ఒక తిట్టు అయిపోయింది, యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్ళని నవంబర్ ద్రోహులు అనేవాళ్ళు, హిట్లర్ ఐతే ప్రతి మీటింగ్‌లో ఇదే పాట. అందుకే ఐదేళ్ళు నిండే టైముకి 1923లో కొట్టాలనుకున్నాడు. ఇక 1938 పూర్తిగా 1923 వల్లే ఆ తేదీన జరిగింది. 1923 కుట్రలో చచ్చిపోయిన హిట్లర్ మనుషుల పేరు మీద ప్రతి ఏడూ నవంబర్ 8, 9 తేదీల్లో మ్యూనిక్‌లో నాజీ పార్టీ పెద్దలంతా కలిసేవాళ్ళు. ఆ ఏడాది పారిస్‌లో ఒక యూదు కుర్రాడు 7న కాల్చిన జర్మన్ దౌత్య ఉద్యోగి ఫామ్ రాట్ 9 సాయంత్రం చనిపోయాడు. కబురు విందు మధ్యలో వచ్చింది. దేశం నలుమూలల నుంచీ వచ్చిన పార్టీ లీడర్లు ఒకే గదిలో ఉన్నారు, హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ లేచి రెచ్చగొట్టేలా మాట్లాడాడు, ఇంక వాళ్ళు చేసిందల్లా ఎవరి ఊరికి వాళ్ళు ఫోన్లు కొట్టడమే. మామూలు రోజైతే అంతమందికి ఒక్క రాత్రిలో ఆర్డర్ వెళ్ళడం ఇంత తేలిగ్గా అయ్యేది కాదు. తెల్లారేసరికి వందల ప్రార్థనా మందిరాలు బూడిద, తర్వాత దాదాపు 30,000 మంది యూదు మగవాళ్ళని దహావు, బూఖెన్‌వాల్డ్, జాక్సెన్‌హౌజెన్ క్యాంపులకి తోలారు, పైగా వంద కోట్ల మార్కుల జరిమానా యూదుల మీదే వేశారు. ఆ చివరిది చదివినప్పుడు పుస్తకం మూసి పక్కన పెట్టేశాను.

సందుచివరిబెంచి:
@పాతపేపర్లు అన్నా మిగతాదంతా సూపర్ కానీ 1923 డేట్ హిట్లర్ ఎంచుకున్నాడు అనడం కరెక్ట్ కాదు. నవంబర్ 8 సాయంత్రం బీరు హాల్లో మీటింగ్ పెట్టింది మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రాన్ని అప్పట్లో పాలిస్తున్న గుస్టావ్ ఫాన్ కార్ అనే ఆయన, హిట్లర్ కాదు. పెద్దమనుషులంతా ఒకేచోట దొరుకుతారని హిట్లర్ దాంట్లోకి తుపాకులతో దూరి సీలింగ్‌కి కాల్చాడు. ప్లాన్ ఆ రాత్రికే అయిపోవాలి. రాత్రి కార్ వాళ్ళు జారుకుని అడ్డం తిరిగేసరికి పొద్దున ఏం చెయ్యాలో తెలీక ఊరేగింపుగా బయల్దేరారు, ఫెల్డ్‌హెర్న్‌హాల్ అనే స్మారక మండపం దగ్గర పోలీసులు ఆపారు, కాల్పుల్లో నలుగురు పోలీసులు, హిట్లర్ వైపు పదిహేనుమంది దాకా పోయారు. హిట్లర్‌తో చెయ్యి కలిపి నడుస్తున్నవాడికి తూటా తగిలి కింద పడితే ఆ గుంజుడుకి హిట్లర్ భుజం జారింది. కసి నవంబర్ మీదే, ఒప్పుకుంటా, కానీ 9 అన్నది మాత్రం రాత్రి ప్లాన్ చెడినందుకు వచ్చిన తేదీ.

పాతపేపర్లు:
కార్ మీటింగ్ వల్లే ఆ రోజు కుదిరింది, నిజమే. కానీ కసి లేకపోతే ఆ మీటింగ్‌లోకి దూరేవాడే కాదు కదండీ. తేదీ కార్‌ది, కోపం 1918ది అనుకుందాం.

నైట్‌డ్యూటీ:
హిట్లర్‌కున్న ఈ వార్షికోత్సవం పిచ్చిని వాడికే తిప్పికొట్టబోయినోడు ఒకడున్నాడు, ఎవరూ చెప్పలేదేంటి. గేఓర్గ్ ఎల్జర్, మామూలు వడ్రంగి. హిట్లర్ ప్రతి నవంబర్ 8న అదే బీరు హాల్లో అదే స్టేజి మీద మాట్లాడతాడు కదా, అంటే ఎప్పుడు ఎక్కడ ఉంటాడో ఏడాది ముందే తెలుసు. 1939లో రాత్రిళ్ళు ఆ హాల్లోనే దాక్కుని, అందరూ పోయాక స్టేజి వెనక స్తంభాన్ని కొంచెం కొంచెం తొలిచి లోపల టైమర్ బాంబు పెట్టాడు. ఆ రోజు మంచు పట్టి విమానం డౌట్ అవడంతో హిట్లర్ రైలుకని తొందరగా ముగించి వెళ్ళిపోయాడు, 13 నిమిషాల తర్వాత బాంబు పేలింది, ఎనిమిది మంది పోయారు. ఎల్జర్‌ని 1945 ఏప్రిల్‌లో దహావులో చంపేశారు, యుద్ధం ముగియడానికి నెల ముందు.

కిటికీసీటు:
1989 సంగతి నేను చెప్తా, ఎందుకంటే అది నిజానికి నవంబర్ 10 అవ్వాల్సింది 😄

తూర్పు జర్మనీ ప్రభుత్వం ప్రయాణాల రూల్స్ సడలిద్దాం అనుకుంది, గోడ తెరుద్దాం అని కాదు. ఎవరైనా వీసాకి అప్లై చేసుకోవచ్చు, త్వరగా ఇస్తాం, ఇంతే. ప్రకటన 10వ తేదీ తెల్లవారుజామున ఇవ్వాలి, పొద్దున్నుంచి ఆఫీసుల్లో లైన్ కట్టించాలి. ఆ కాగితం తూర్పు జర్మనీ అధినేత క్రెంజ్ తీసుకెళ్ళి పార్టీ తరఫున మాట్లాడే షబోవ్‌స్కీ చేతిలో పెట్టాడు, ఆయన సాయంత్రం ప్రెస్ మీట్‌కి వెళ్తున్నాడు, ఆ చర్చల్లో సరిగ్గా లేడు కూడా. మీట్ లైవ్‌లో పోతోంది, గంట సేపు నిద్రొచ్చే కబుర్లు, చివర్లో ఏడు కావస్తుండగా ఆ కాగితం చదివాడు. రిపోర్టర్లు ఎప్పట్నుంచి అని అడిగారు. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పి, నాకు తెలిసినంతవరకు వెంటనే, ఆలస్యం లేకుండా అనేశాడు. రాత్రి 8 వార్తల్లో పశ్చిమ జర్మనీ టీవీ సరిహద్దు తెరుస్తున్నారని చెప్పింది, దాన్ని తూర్పు వాళ్ళు కూడా చాలామంది చూసేవాళ్ళు.

ఇంక బోర్న్‌హోల్మర్ వీధి చెక్‌పోస్ట్ దగ్గర జనమే జనం. డ్యూటీలో ఉన్న ఆఫీసర్ హరాల్డ్ యేగర్ పైవాళ్ళకి ఫోన్ మీద ఫోన్, ఎవరూ సరిగ్గా చెప్పరు. ముందు బాగా గోల చేసేవాళ్ళని మాత్రం వదలండి, కానీ వాళ్ళ ఐడీలో ఫోటో మీదే ముద్ర కొట్టండి అని ఆర్డర్, అంటే వాళ్ళకి తెలీకుండానే ఇక వెనక్కి రానివ్వరన్నమాట. అలా వదిలేకొద్దీ మిగతావాళ్ళు మమ్మల్నీ వదలండని ఇంకా మీదకొచ్చారు, పదకొండున్నర ప్రాంతంలో యేగర్ ఇక నావల్ల కాదని గేటు ఎత్తించేశాడు. ఇంకో అరగంట ఆగి ఉంటే డేట్ మారిపోయేది, మనకీ ప్రశ్న ఉండేది కాదు.

చదువులపురుగు:
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఇంకొక్కటి, మరి గోడ పోయిన రోజుని నేషనల్ హాలిడే చేసుకోకుండా అక్టోబర్ 3 ఎందుకు పెట్టుకున్నారు?

పాతపేపర్లు:
9 పెడదామన్న మాట వచ్చింది, కానీ 1938 రాత్రి తేదీన వీధుల్లో బాణసంచా కాల్చుకోవడం ఎవరికి బాగుంటుంది చెప్పండి. ఇప్పటికీ ఆ రోజు స్మారక సభలే ఎక్కువ.

కిటికీసీటు:
అక్టోబర్ 3 వెనక పెద్ద భావం ఏమీ లేదు. అక్టోబర్ 7 తూర్పు జర్మనీ పుట్టినరోజు, ఇంకో పుట్టినరోజు దాకా ఆ దేశం ఉండకూడదని చాలామంది పట్టుబట్టారు. అటువైపేమో యూరప్ దేశాల విదేశాంగ మంత్రులు న్యూయార్క్‌లో అక్టోబర్ 2 దాకా కూర్చుంటారు, విలీనం ఒప్పందం సంగతి ముందు వాళ్ళకి చెప్పాలి. సో ఆ మీటింగ్ అయిన మర్నాడే, 1990 అక్టోబర్ 3న, రెండు జర్మనీల విలీనం పెట్టేశారు.