మంచు మారినప్పుడు స్కీ పరుగు సమయాలను ఎలా పోల్చాలి?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం ప్రాజెక్టుకు నేను మంచు మీద ఎత్తుపల్లాల దారిలో చాలా దూరం సాగే క్రాస్ కంట్రీ స్కీయింగ్‌ను ఎంచుకున్నాను. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో పురుషుల 15 కిలోమీటర్ల ఫ్రీస్టైల్ (స్కేటింగ్ లాగా స్కీలను పక్కలకు తోస్తూ సాగే పద్ధతి) పోటీని స్విట్జర్లాండ్‌కు చెందిన డారియో కొలోన్యా 33 నిమిషాల 43.9 సెకన్లలో గెలిచాడు. 2022 బీజింగ్‌లో అంతే దూరాన్ని క్లాసికల్ (స్కీలను సమాంతరంగా ఉంచి సాగే) పద్ధతిలో గెలిచిన ఫిన్లాండ్ క్రీడాకారుడు ఈవో నిస్కానెన్‌కు 37 నిమిషాల 54.8 సెకన్లు పట్టింది. పద్ధతి వేరు, కొండ వేరు, మంచు వేరు అయినప్పుడు ఈ అంకెలన్నీ ఒకచోట చేర్చి సగటు, ప్రామాణిక విచలనం (సగటు నుంచి అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కడితే దానికి అర్థం ఉంటుందా? ఒక క్రీడాకారుడు ఏటేటా మెరుగుపడ్డాడో లేదో దేనితో కొలవాలి?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, విజయనగరం):

అమ్మా, నీ అనుమానం సరైనదే. ఆ సగటుకు అర్థం ఉండదు. సెకన్లను వదిలిపెట్టి, విజేత కంటే ఎంత శాతం వెనకబడ్డారో చూడడం మొదటి మెట్టు. అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య పాయింట్లు కూడా దీని మీదే నడుస్తాయి: క్రీడాకారుడి సమయాన్ని విజేత సమయంతో భాగించి, అందులోంచి ఒకటి తీసివేసి, ఒక గుణకంతో హెచ్చిస్తారు. ఒకరి తరువాత ఒకరు బయలుదేరే పోటీలకు ఆ గుణకం 800.

నువ్వు చెప్పిన 2018 పోటీనే తీసుకుందాం. మన దేశం తరఫున పాల్గొన్న జగదీశ్ సింగ్ 43 నిమిషాల 0.3 సెకన్లలో పూర్తిచేశాడు. అంటే 2580.3ను 2023.9తో భాగించాలి, వెనుకబాటు 27.49 శాతం, పాయింట్లు సుమారు 219.9. ఇప్పుడు కొలోన్యా ఆ రోజు పోటీకి రాలేదనుకో. 18.3 సెకన్ల వెనక వచ్చిన సిమెన్ క్రూగర్ విజేత అవుతాడు, జగదీశ్ వెనుకబాటు 26.35 శాతానికి దిగుతుంది. అతని పరుగులో ఒక్క సెకను కూడా మారలేదు, అంకె మాత్రం ఒక శాతానికి పైగా మారింది. అందుకే విజేతను కొలబద్దగా పెట్టుకోవడం నాకు ఎన్నడూ నచ్చలేదు. పాల్గొన్నవారి మధ్యగతాన్ని (సమయాలను వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేదాన్ని) పెట్టుకుంటే ఒక్కరి ప్రతిభతో కొలబద్ద ఊగదు. అయితే పోటీ స్థాయిని బట్టి మధ్యగతమూ జరుగుతుంది గనుక, అంతకంటే గట్టి దారి ఇది: సమయానికి సంవర్గమానం (లాగరిథమ్) తీసి, దానిని పోటీ ప్రభావం, క్రీడాకారుడి ప్రభావం అనే రెండు భాగాలుగా ప్రతిగమన (రిగ్రెషన్) నమూనాలో విడదీయాలి. ఒకే మనుషులు వేర్వేరు పోటీల్లో మళ్లీ మళ్లీ పాల్గొంటారు కాబట్టి, మంచు భారం ఎంతో, మనిషి సత్తా ఎంతో ఆ లెక్కే విడగొడుతుంది.

జవాబు (పరుగు శిక్షకుడు, కళింగపట్నం):

మాస్టారు చెప్పినది మా ఇసుకలో నాకు రోజూ కనిపిస్తుంది. సైన్యంలో చేరాలనుకునే పిల్లలను సముద్రపు ఒడ్డున 1600 మీటర్లు పరిగెత్తిస్తాను. అల వెనక్కి తగ్గిన తడి ఇసుక మీద పాదం నిలుస్తుంది. పైనున్న పొడి ఇసుకలో మడమ దిగబడి, అదే కుర్రాడు నెమ్మదిస్తాడు. గడియారం ఒక్కటే చూసి ఎవరినీ తప్పుపట్టకూడదని నేను నోటు పుస్తకంలో ఇసుక తీరును కూడా రాసుకుంటాను. అమ్మాయి కూడా ప్రతి పోటీకీ మంచు తీరు, ఉష్ణోగ్రత, పద్ధతి కోసం ఒక్కొక్క గడి పెట్టుకోవడం మంచిది.

మళ్లీ ప్రశ్న (విద్యార్థిని):

మాస్టారికీ, శిక్షకులు గారికీ కృతజ్ఞతలు. అందరూ ఒక్కసారే బయలుదేరే పోటీలను కూడా ఇదే నమూనాలో కలపవచ్చునా?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు):

నేరుగా కలపకు. గుంపులో వెళ్లేటప్పుడు వెనకవాడికి గాలి తాకిడి తగ్గుతుంది, చాలాసేపు చాలామంది కలిసే ఉంటారు. 2022 బీజింగ్‌లో గాలి, చలి వల్ల, అందరూ ఒక్కసారే బయలుదేరే 50 కిలోమీటర్ల పోటీని సుమారు 28.4 కిలోమీటర్లకు కుదించినప్పుడు, గంటా పదకొండు నిమిషాలు పైగా సాగిన ఆ పరుగులో మొదటి ఇద్దరి మధ్య తేడా 5.5 సెకన్లే, అంటే 0.13 శాతం. ఒకరి తరువాత ఒకరు బయలుదేరిన ప్యాంగ్‌చాంగ్ 15 కిలోమీటర్ల పోటీలో అది 0.90 శాతం. సత్తాలో తేడా తగ్గిందని కాదు, పోటీ తీరే తేడాలను నొక్కేసింది. సమాఖ్య ఇలాంటి వాటికి 1400 గుణకం వాడేది అందుకే. నువ్వు మాత్రం వీటికి వేరే నమూనా కట్టు. మధ్యలో విరమించినవారి వరుసలను చెరిపేయకుండా విడిగా గుర్తుపెట్టు, ఎందుకంటే అలసి ఆగినవారు జాబితాలో లేకపోతే మిగిలినవారి మధ్యగతం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది.