బోరు నీళ్లలో చవక బట్టల పౌడర్: ఏది కొనాలి, ఎలా వాడాలి?

ప్రశ్న: కొర్లగుంట గృహిణి, తిరుపతి

అందరికీ నమస్కారం. మేము కొర్లగుంటలో అద్దె ఇంట్లో ఉంటున్నాము. కుళాయి నీళ్లు వంటకూ తాగడానికీ సరిపోతాయి గాని, బట్టలకూ గిన్నెలకూ బోరు నీళ్లే దిక్కు. పిల్లల యూనిఫారాలు, మావారి తెల్ల పంచెలు, నా నూలు చీరలు, దుప్పట్లు అన్నీ ఇంట్లోనే ఉతుకుతాను. సరుకుల చిట్టీలో బట్టల పౌడర్‌కు పెద్ద మొత్తం కేటాయించే స్థితి లేదు కనుక, అంగట్లో అన్నిటికన్నా తక్కువ ధరకు దొరికే కిలో ప్యాకెట్టే తెచ్చుకుంటున్నాను. నురగ బాగానే వస్తుంది, మురికీ వదులుతుంది. అయినా ఆరిన తువ్వాళ్లు అప్పడాల్లా బిరుసెక్కుతున్నాయి, తెల్ల చొక్కాలు మెల్లగా బూడిద రంగుకు తిరుగుతున్నాయి.

ఖరీదైన పౌడర్ కొంటే తప్ప ఇది మారదని పక్కింటి అక్క అంటున్నారు. పౌడర్‌తో పాటు గుప్పెడు బట్టల సోడా వేసి నానబెడితే చాలునని మా అత్తగారి మాట. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? పైగా తెలిసినవారి దగ్గర ఒక పాత ఫ్రంట్ లోడ్ మిషన్ చవకగా వస్తోంది. అందులో ఈ పౌడరే వాడవచ్చునా? తెలిసినవారు కారణంతో సహా చెబితే మేలు.

జవాబు: విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, చిత్తూరు

అమ్మా, పౌడర్ ధర కన్నా ముందు నీళ్ల సంగతి తేల్చుకోవాలి. రాతి పగుళ్లలో చాలాకాలం నిలిచిన బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. మన ప్రాంతంలో ఉప్పు నీళ్లని పక్కన పెట్టేవి చాలావరకు ఇవే. ఈ లవణాల మోతాదునే నీటి కాఠిన్యం అంటారు, అవి ఎక్కువైన నీళ్లే కఠిన జలాలు. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చుననీ భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఆ పై అంచున ఉన్న నీళ్లు తాగడానికి చెల్లినా, ఉతకడానికి మాత్రం మొండికేస్తాయి. మీ నీళ్లు ఎలాంటివో ఇంట్లోనే చూసుకోవచ్చు. గాజు సీసాలో సగం వరకు బోరు నీళ్లు పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి బాగా గిలకొట్టండి. నురగ నిలవక పైన తెల్లటి తెట్టు కడితే అవి కఠిన జలాలే. పరీక్షకు ఒంటి సబ్బే వాడాలి. కఠిన జలంలో కూడా డిటర్జెంట్ కొంత నురగ ఇస్తుంది కాబట్టి దానితో సంగతి తేలదు.

ఇక పౌడర్ లోపల ఏముంటుందో చూద్దాం. మురికిని బట్ట నుంచి విడదీసే అసలు పదార్థం ఖరీదైనది, కనుక చవక పౌడర్లలో దాని పాలు తక్కువగానూ, సోడా, సోడియం సల్ఫేట్, ఉప్పు వంటి వాటి పాలు ఎక్కువగానూ ఉంటాయి. ఇది మోసం కాదు, ఒక రకమైన లెక్క. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మాను మొదలుపెట్టి, సర్ఫ్ కొనలేని ఇళ్లకు డిటర్జెంట్‌ను చేర్చింది ఇలాంటి లెక్కతోనే. సోడా జిడ్డును వదిలిస్తుంది, నీటిలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. ఇంతవరకు మీ అత్తగారి మాట నిజమే. అయితే అలా పట్టుకున్న కాల్షియం ఎక్కడికీ పోదు. కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థంగానే మారి, అప్పుడు నీళ్లలో ఏది ఉంటే దాని మీద కూర్చుంటుంది. బట్టలు ఉంటే నూలు పోగుల మధ్య పేరుకుని, ప్రతి ఉతుకులోనూ కొంత మురికిని తనతో పట్టి ఉంచుతుంది. మీ తువ్వాళ్ల బిరుసుకూ, చొక్కాల బూడిద రంగుకూ కారణం ఇదే. సోడా పాలు ముందే ఎక్కువగా ఉన్న పౌడర్‌కు నానబెట్టేటప్పుడు మరో గుప్పెడు తోడైతే ఈ పేరుకోవడం పెరుగుతుందే గాని తగ్గదు.

సోడా వేయవలసింది బట్టలు లేని నీళ్లలో. రాత్రి 15 లీటర్ల బకెట్ బోరు నీటిలో ఒకటిన్నర టీ చెంచాల పొడి సోడా కలిపి వదిలేయండి. పలుకులుగా అమ్మే సోడాలో నీటి పాలు ఎక్కువ కనుక అదైతే దాదాపు మూడింతలు కావాలి. నేను చెప్పిన కొలత లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటికి సరిపోతుంది. తెల్లవారేసరికి అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. ఆ మడ్డిని కదపకుండా పై నీటిని మాత్రం వంపుకుని అందులో పౌడర్ కలిపితే, మీరు ఇప్పుడు వాడే పౌడర్‌లో సగమే సరిపోవడం మీకే కనిపిస్తుంది. ఇప్పటికే బిరుసెక్కిన తువ్వాళ్లకు మరో పని చేయాలి: మామూలుగా ఉతికి, ఆఖరుసారి జాడించే బకెట్‌లో ఒక టీ చెంచా నిమ్మ ఉప్పు కరిగించి, కాసేపు ముంచి పిండి ఆరవేయండి. ఆమ్లం తగిలితే ఆ కార్బొనేట్ కరిగిపోతుంది; నాలుగైదు ఉతుకులకు మెత్తదనం తిరిగి వస్తుంది. నిమ్మ ఉప్పునూ బ్లీచింగ్ ద్రవాన్నీ మాత్రం ఒకే నీటిలో ఎన్నడూ కలపవద్దు, విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

జవాబు: ఇస్త్రీ దుకాణం, బైరాగిపట్టెడ, తిరుపతి

మాస్టారు గారు చెప్పిన కారణంతో ఏకీభవిస్తాను గాని, రోజూ కుటుంబం మొత్తానికి ఉతికేవారు ప్రతి బకెట్‌నూ రాత్రే సిద్ధం చేసుకోవడం జరిగే పని కాదు. ఆ తేర్చిన నీళ్లను తెల్లబట్టలకే కేటాయించండి. రంగు బట్టలకు బోరు నీళ్లే వాడి, నానబెట్టే సమయం అరగంటకు మించకుండా చూసుకుని, రెండుసార్లు ధారాళంగా జాడిస్తే చాలు. నేను చూసినంతలో పౌడర్ తక్కువై పాడైన బట్టల కన్నా, పౌడర్ ఎక్కువై సరిగా జాడించక పాడైనవే ఎక్కువ. నురగ మురికిని కొలిచే గిన్నె కాదు. ఆఖరు జాడింపులో కూడా నీళ్లు జారుడుగా ఉన్నాయంటే బట్టలో పౌడర్ ఇంకా ఉన్నట్టే. దాని మీద ఇస్త్రీ పెట్టె పడితే ఆ చోట పసుపు ఛాయ తేలుతుంది.

కొనుగోలు విషయంలో నా సలహా ఒకే రకం కొనవద్దని. రోజువారీ బట్టలకు చవక పౌడర్ చాలు. కాలర్ల జిడ్డుకూ, కూర మరకలకూ మాత్రం ఎంజైములు ఉన్న మేలురకం చిన్న ప్యాకెట్ ఒకటి విడిగా ఉంచుకోండి. ఎంజైములు ఉంటే ఆ మాట సాధారణంగా ప్యాకెట్ మీద ఉంటుంది. వాటికి గోరువెచ్చని నీళ్లూ, కొంత నానే సమయమూ కావాలి. మరిగే నీళ్లు పోస్తే అవి పనికిరాకుండా పోతాయి, పెట్టిన డబ్బు దండుగ. పట్టుకూ ఉన్నికీ ఆ పౌడర్ తగలనివ్వకండి, ఎందుకంటే ప్రోటీన్ మరకను విడగొట్టే ఎంజైము అదే ప్రోటీన్‌తో తయారైన పట్టు పోగును కూడా వదలదు.

పసుపు మరక మీద పౌడర్ పడగానే ఎర్రబడితే కంగారు పడనక్కరలేదు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పసుపుకు సున్నం చేర్చి కుంకుమ చేసేది అందుకే. బాగా జాడించి తడిగానే ఎండలో వేస్తే ఆ రంగు ఎండకే చాలావరకు విరిగిపోతుంది. ఎర్రమట్టి మరకకు మాత్రం మొదట నీళ్లు పోయవద్దు. ఆరనిచ్చి, దులిపి, బ్రష్‌తో రాల్చి, ఆ తరువాతే తడపాలి. బ్లీచింగ్ ఎర్రమట్టి మీద ఏమీ సాధించదు.

ధరను పోల్చేటప్పుడు ప్యాకెట్ పెద్దదా చిన్నదా అని కాకుండా, గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతుందో వెనక అచ్చు వేసిన చోట చూడండి. గ్రాముకు 0.12 రూపాయలు అంటే కిలో 120 రూపాయలు. పది రూపాయల ప్యాకెట్లలో ధర అలాగే ఉండి బరువు తగ్గుతూ ఉంటుంది. బకెట్ ఉచితమని ఇచ్చే పెద్ద ప్యాకెట్‌కూ ఈ లెక్క వేయవలసిందే. వీధిలో తూకానికి అమ్మే, తయారీదారు పేరూ చిరునామా లేని పౌడర్ ఎంత చవకైనా నేను కొనమని చెప్పను. అందులో సోడా ఎంత ఉందో చేతుల మంటను బట్టి తెలుసుకోవలసి వస్తుంది.

జవాబు: వాషింగ్ మిషన్ మెకానిక్, రేణిగుంట రోడ్డు

మిషన్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. చేతి ఉతుకు పౌడర్‌ను ఫ్రంట్ లోడ్‌లో వేయకండి. ఆ మిషన్ కొద్ది నీళ్లలో బట్టలను పైకెత్తి కిందికి జార్చి ఉతుకుతుంది. నురగ ఎక్కువైతే బట్టలు ఆ నురగ మీద పడతాయి గాని దెబ్బ తగలదు, మురికి అలాగే ఉండిపోతుంది. ఆ నురగను వదిలించడానికి మిషన్ మళ్లీ మళ్లీ నీళ్లు తీసుకుంటుంది, కొన్ని మధ్యలోనే ఆగిపోతాయి. ప్యాకెట్ మీద ఫ్రంట్ లోడ్ అని స్పష్టంగా ఉన్న తక్కువ నురగ పౌడర్లలోనే ధర తక్కువైనది చూసుకోండి. టాప్ లోడ్‌లోనైతే కొలత తగ్గించి చవక పౌడర్ వాడుకోవచ్చు. ముందుగా ఒక మగ్గు నీళ్లలో కరిగించి పోస్తే గడ్డలు బట్టలకు అంటవు.

పాత మిషన్ కొనేముందు పౌడర్ వేసే అర బయటికి లాగి చూడండి. గట్టిగా తెల్లటి పొర కట్టి ఉంటే లోపలి హీటర్ మీదా అదే ఉంటుందని అనుకోవచ్చు. పొర కట్టిన హీటర్ నీళ్లు వేడెక్కించడానికి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, చివరికి కాలిపోతుంది. బోరు నీళ్లున్న ఇంట్లో నెలకో రెండు నెలలకో ఒకసారి, బట్టలు లేకుండా, వంద గ్రాముల నిమ్మ ఉప్పు వేసి వేడి నీటి ప్రోగ్రాం నడిపించడం మంచిది.

అడిగినవారి నుంచి: కొర్లగుంట గృహిణి

అందరికీ ధన్యవాదాలు. సీసా పరీక్ష చేశాను. నురగ లేదు, తెట్టే మిగిలింది. మరో రెండు సందేహాలు. ఆర్ఓ యంత్రం నుంచి వృథాగా పోయే నీళ్లను పట్టి బట్టలకు వాడుతుంటాము, అది సరైనదేనా? శ్రీకాళహస్తి కలంకారీ నూలు చీర ఒకటి ఉంది, దాన్ని ఈ పౌడర్‌తో ఉతకవచ్చునా?

జవాబు: విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, చిత్తూరు

ఆర్ఓ యంత్రం మంచి నీటిని ఒకవైపు పంపి, లవణాలన్నిటినీ రెండోవైపు నీటిలోకి నెడుతుంది. అంటే మీరు పట్టుకునేది మామూలు నీటి కన్నా ఎక్కువ కఠినమైనది. ఇల్లు తుడవడానికీ మరుగుదొడ్డికీ వాడండి గాని బట్టలకు వద్దు. మృదువైన నీరు కావాలంటే ఏసీ గొట్టం నుంచి కారే నీరు ఉంది, అది గాలిలోని ఆవిరి చల్లబడి కారినదే కనుక దానిలో కాఠిన్యం దాదాపు ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే ఈశాన్య రుతుపవన వర్షాల్లో, మొదటి జల్లు మేడను కడిగిన తరువాత పట్టుకున్న వాన నీళ్లూ అంతే. తెల్ల పంచెలకు ఇంతకన్నా మంచి నీళ్లు కొనాలన్నా దొరకవు.

కలంకారీకి సోడా ఉన్న ఏ పౌడరూ వద్దు. కరక్కాయ, పటిక, ఇనుము కలిపిన నలుపు, చెట్ల రంగులు వేసిన బట్ట అది. క్షారానికి ఆ రంగులు నిలవవు. కుంకుడుకాయల గుజ్జును చల్లని నీటిలో పిసికి, నలుసులు లేకుండా వడగట్టి, విడిగా ఆ ఒక్క చీరనే ముంచి తీయండి. నానబెట్టవద్దు, మెలితిప్పి పిండవద్దు, నీడలో తిరగేసి ఆరవేయండి. ఈ చీరకు మాత్రం నిమ్మ ఉప్పు కూడా వాడకండి. ఇనుముతో వేసిన నల్ల గీతలు ఆమ్లానికి పలచబడతాయి.