ముక్కు దూలం ఆపరేషన్ అయ్యాక మళ్లీ బిగిసిపోయింది, ఆవిరి పట్టొచ్చా?

ప్రశ్న (విశాఖ గాజువాక నుంచి):
దూలం వంకరకి గత వారం ఆపరేషన్ చేశారు. దూలం కదలకుండా లోపల పెట్టిన స్ప్లింట్లు (పలచటి రేకులు) మొన్న తీసేశారు. తీయగానే గాలి బాగా ఆడింది, రాత్రికల్లా మళ్లీ మూసుకుపోయింది. నోటితోనే పీలుస్తున్నా, గొంతు ఎండిపోయి నిద్ర పట్టట్లేదు. అమ్మేమో పసుపు వేసి ఆవిరి పట్టమని ఒకటే పోరు. ఆపరేషన్ ఫెయిలైందేమోనని టెన్షన్‌గా ఉంది. డ్యూటీ పరవాడలో, బండి మీద వెళ్లాలి. చేయించుకున్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

సీతమ్మధార నుంచి:
కంగారు పడకండి. దూలం తిన్నగా అయినా లోపలి పొర వాచి ఉంటుంది, దాని మీద రక్తం, చీమిడి పెచ్చు కడతాయి. ఈ వాపు కొన్ని వారాల్లో తగ్గుతుంది. లోపల పూర్తిగా కుదుటపడటానికి మాత్రం 3 నుంచి 6 నెలలు, కొందరికి ఏడాది కూడా పడుతుంది.

ఆవిరి మీ డాక్టరు సరేననేదాకా వద్దు. వేడికి రక్తం కారే ప్రమాదం ఉంది. ఇప్పుడు అసలు మందు ఉప్పునీటితో కడగడమే. మెడికల్ షాపులో 240 మి.లీ. సీసా, ఉప్పు పొట్లాలు కలిపి అమ్ముతారు. కుళాయి నీళ్లయినా, క్యాన్ నీళ్లయినా ఒక నిమిషం తెర్లనిచ్చి గోరువెచ్చగా చల్లార్చాకే వాడండి. తాగితే ఏమీ చేయని అమీబా ఒకటి ముక్కులోంచి ఎక్కితే మెదడుకు పాకుతుంది. చాలా అరుదు, కానీ ప్రాణాల మీదికి వస్తుంది. ముందుకు వంగి, నోరు తెరిచి, సీసాను మెల్లగా నొక్కాలి. రోజుకు ఎన్నిసార్లో డాక్టరు చెప్పినట్టే. పెచ్చుల్ని గోటితో గిల్లకండి, నానితే వాటంతటవే ఊడతాయి.

పెదవాల్తేరు నుంచి:
రెండు మూడు దిండ్లు వేసి తల ఎత్తుగా పెట్టి పడుకో తమ్ముడూ, సగం బాధ పోతుంది. ఏసీ గాలి ముఖానికి తగలనివ్వకు. చీదొద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్ము. ఇంకోటి, ఇంట్లో పత్యమని వట్టి చారన్నం పెడతారు. దాంతో మలబద్ధకం వచ్చి బిగబట్టావంటే ముక్కులోంచి రక్తం వస్తుంది! కూరలు, పళ్లు తిను, నీళ్లు బాగా తాగు. మరీ వేడివి, కారంవి కొన్నాళ్లు ఆపు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. పై పళ్లు ముందువి తిమ్మిరిగా ఉన్నాయి, అదీ మామూలేనా? ముక్కు చుక్కలు వేసుకోవచ్చా?

సీతమ్మధార నుంచి:
మామూలే. ఆ పళ్ల వెనక చిగురుకి వెళ్లే నరం దూలం పక్క నుంచే దిగుతుంది. ఎక్కువమందికి మెల్లగా తగ్గిపోతుంది. ముక్కు తెరిపించే చుక్కలు సొంతంగా వద్దు, రోజులు పెరిగితే ఆపగానే ఇంకా బిగుస్తుంది. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ కూడా అడగకుండా వేసుకోకండి, రక్తం పలచబడుతుంది.

ఎంవీపీ కాలనీ నుంచి:
డ్యూటీకి తొందరపడకండి బ్రదర్. కుర్చీ పనైతే వారం పది రోజులకి పంపిస్తారు. బరువులెత్తే పనికి, జిమ్‌కి రెండు మూడు వారాలు ఆగమంటారు. పరవాడ రోడ్డు దుమ్ము సంగతి మీకే తెలుసు, మాస్క్ లేకుండా బండి తీయొద్దు. రుషికొండ బీచ్‌లో ఈత డాక్టరు ఒప్పుకున్నాకే.

ఎర్రటి రక్తం ఆగకుండా కారినా, జ్వరం వచ్చినా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతూ రెండు వైపులా పూర్తిగా మూసుకుపోయినా, చూపు మసకబారినా, ఒక వైపు నుంచి నీళ్లలాంటిది కారుతున్నా వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చేయండి. అర్ధరాత్రి ఆయన దొరక్కపోతే కేజీహెచ్ (మన పెద్ద ప్రభుత్వాసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లిపోండి, తెల్లారేదాకా ఆగొద్దు.